తమ్ముడి చేతికి కత్తి

కత్తి కొనడానికి బెంగళూరు వెళ్ళొచ్చానని చెబితే మా వీధిలో నవ్వారు. అనంతపురం పాతవూళ్ళో దొరకని కత్తి ఏముంటుంది మాస్టారూ, అన్నారు. దానికి జవాబు కొంచెం పొడుగు. అందుకే కూర్చొని రాస్తున్నాను.

నాకు ఒక్కడే తమ్ముడు, శేఖరు. నాకంటే పదేళ్ళు చిన్న. నేను బళ్ళో సైన్సు చెప్పి మొన్ననే రిటైరయ్యాను. వాడు ఇంటర్మీడియట్ తప్పి, పంతొమ్మిదో ఏట బెంగళూరు రైలెక్కి, ఒక హోటల్లో గిన్నెలు కడగడానికి చేరాడు. అక్కడే కూరగాయలు తరగడం, ఆ తర్వాత వండటం నేర్చుకొని పెద్ద వంటమాస్టరయ్యాడు. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు ఎప్పుడూ నోరు రాలేదు. ఎవరైనా అడిగితే "హోటల్ లైన్లో ఉన్నాడు" అనేవాణ్ణి.

మూడేళ్ళ కిందట మా అమ్మాయి మాధవి పెళ్ళి. మూడు రోజుల ముందే శేఖరు దిగాడు. బట్టల సంచితో పాటు చంకలో ఇంకో చుట్ట ఉంది. కాన్వాసు గుడ్డలో చుట్టి తాడు కట్టిన కత్తులవి.

"అన్నా, మాధవి పెండ్లి వంట నేను చేస్తా. మనుషులకు గూడా చెప్పి పెట్టినా" అన్నాడు.

నేను వాణ్ణి పక్కగదిలోకి తీసుకెళ్ళి, వియ్యంకులకు నువ్వు హోటల్ మేనేజరువని చెప్పానన్నాను. కర్నూలు వాళ్ళు, అందరూ ఉద్యోగస్తులు, వాళ్ళ ముందు నా తమ్ముడు గరిటె పట్టుకొని తిరిగితే బాగుండదన్నాను. "సరేన్నా" అన్నాడు. పెళ్ళిరోజు ఇస్త్రీ చొక్కా వేసుకొని ముందు వరసలో కూర్చున్నాడు. ఆ చుట్ట విప్పకుండానే తిరుగు రైలెక్కాడు.

తర్వాత మా మధ్య మాటలు తగ్గాయి. తగాదా అంటూ ఏమీ లేదు. పండగకు ఒక ఫోను, అంతే. ఈ ఏడు వాడికి యాభై నిండాయి. బెంగళూరు శివార్లలో బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ మొత్తం వాడి చేతికిచ్చారని వాడి భార్య, మా మరదలు గిరిజ ఫోన్లో చెప్పింది. ఏదైనా తీసుకెళ్ళి ఇచ్చి రావాలనిపించింది. పట్టుపంచె కొందామా అని మా ఆవిడను అడిగాను.

"పంచె ఏంటికి? మంచి కత్తి కొనుక్కొని పోండి" అంది ఆమె, చేటలో బియ్యం ఏరుతూ. "ఆ పొద్దు సంచిలోనుంచి బయటికి తియ్యనియ్యలేదు గదా మీరు."

తలెత్తకుండా అంది. ఆ వారమే రైలెక్కాను. శేఖరుకు చెప్పలేదు. చెప్పకుండా వెళ్ళి చేతిలో పెడితే బాగుంటుందనుకున్నాను.

శనివారం, బళేపేట

హిందూపురం దాటాక స్టేషన్ బోర్డుల మీద అక్షరాలు మారాయి గానీ పెట్టెలో మాటలు పెద్దగా మారలేదు. గౌరిబిదనూరులో ఎక్కిన ఒకావిడ సీటు కోసం నాతో తెలుగులో పోట్లాడి, నేను జరిగి కూర్చున్నాక, పాపం మంచాయన అని కూతురితో కన్నడంలో చెప్పింది.

మెజెస్టిక్ దగ్గర ఒక లాడ్జిలో సంచి పడేసి, నడుచుకుంటూ బళేపేట వెళ్ళాను. ఒక సందు నిండా గాజులు, పక్క సందు నిండా తాళాలు, బందులు, మేకులు. మధ్యలో వీణలు, తబలాలు అమ్మే కొట్లు. కత్తుల కొట్టు ఇద్దరు నిలబడితే నిండిపోయేంత ఉంది. దాని యజమాని గోవిందశెట్టికి డెబ్బై దాటి ఉంటాయి. తాతల కాలంలో కదిరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. నా మాట వినగానే తెలుగులోకి దిగాడు.

"ఎవరికప్పా కత్తి? ఇంట్లోకా, పనికా?"

"మా తమ్ముడికి. వంటమాస్టరు" అన్నాను.

ముప్పై ఏళ్ళుగా సొంతూళ్ళో నోటికి రాని మాట, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు అంత సులువుగా వచ్చినందుకు నాకే వింతగా ఉండింది.

ఆయన ఒక పేపరు పరిచి అయిదు కత్తులు వరసగా పెట్టాడు. కమ్మరి కొలిమిలో సాగగొట్టినవి, నల్లగా ఉన్నాయి, అంచు మాత్రం తెల్లగా మెరుస్తోంది. చెక్క పిడికి ఇత్తడి మేకులు. పని అయ్యాక తుడిచి పెట్టకపోతే తుప్పు పడతాయని ముందే చెప్పాడు. ఒకటి ఆరువందల యాభై, పెద్దది తొమ్మిదివందలు. ఎనభై రూపాయల కత్తితో సంసారం గడిపిన ఇల్లు మాది. అవి నాకు ఖరీదుగానే అనిపించాయి.

"ఆయప్ప చేయి ఎంతుండాది?" అని అడిగాడు.

నాకు అర్థం కాలేదు.

"చేయప్పా, చేయి. పెద్దదా చిన్నదా? వేళ్ళు లావా? పట్టు ఎట్లుండాది? కత్తి అంటే చెప్పుల మాదిరి. కాలు చూడకుండా ఎవరన్నా చెప్పులు కొంటారా?"

ఆలోచించాను. పలక మీద ఆ చేయి పట్టుకొని అక్షరాలు దిద్దించింది నేనే. ఆ ఆరేళ్ళ చేయి గుర్తుంది. యాభై ఏళ్ళ చేయి ఎలా ఉంటుందో ఎంత తలచుకున్నా రాలేదు.

"ఫోన్ చేసి అడుగు. ఒందు నిమిష పని" అన్నాడాయన.

"చెప్పకుండా తీసుకుపోయి ఇద్దామని..."

"ఇంగ నీ ఇష్టం. అడక్కుండా కొంటే సుమ్నే, ఊరికే దుడ్డు పోగొట్టుకుంటావు. అయినా ఇయ్యాల శనివారం గదా, ఇనుము కొంటావా నువ్వు?"

మా ఇంట్లో శనివారం మేకు కూడా కొనరు. ముప్పై అయిదేళ్ళు సైన్సు చెప్పిన నోటితో, "అవును, ఇయ్యాల వద్దులెండి" అన్నాను. బేరం తానే చెడగొట్టుకున్నందుకు ఆయనకు బాధేమీ లేదు. శనివారం అంతే అప్పా, చెప్పకుండా అమ్మితే రేపు ఏమన్నా అయితే నన్నే అంటారు అని నవ్వి, పక్క హోటల్ నుంచి బైటూ కాఫీ తెప్పించాడు. ఒక కాఫీని రెండు చిన్న లోటాల్లో సగం సగం పోసి ఇస్తారు. మా ఊళ్ళో అలా అడిగితే పిసినారి అంటారు. అక్కడ అది స్నేహం.

"రేపు ఆదివారం, కొట్టు బాగిలు తెరవను. సోమవారం పొద్దున రా. అంతలోపల తమ్మునికి ఫోన్ చెయ్యి" అన్నాడు నేను లేస్తుంటే.

ఇది చదివి మీలో ఎవరైనా ఆ సందుకు వెళితే ఆయన మాట వినండి. నేను వినలేదు. సాయంత్రం లాడ్జి గదిలో ఫోన్ తీసి, శేఖరు పేరు దాకా వచ్చి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. ఆశ్చర్యపరచాలన్నది పైకి చెప్పుకున్న కారణం. ఫోన్లో ఏం మాట్లాడాలో తెలియకపోవడం అసలు కారణం.

ఆదివారం, జయనగర

పొద్దున్నే ఒక హోటల్లో ఖాలీ దోసె తిన్నాను. స్పాంజిలా మెత్తగా, అరచెయ్యంత ఉంటాయి, మూడు కలిపి ఒక ప్లేటు, పక్కన సాగు అని కూరగాయల కుర్మా. ఎర్రకారం పూసిన మా అనంతపురం దోసె తిన్న నోటికి చప్పగా తోచింది గానీ రెండో ప్లేటు అడిగాను. కూర్చోవడానికి చోటు లేదు. అందరూ నిలబడే తింటున్నారు. నాకు ఆ విద్య రాక చట్నీ చొక్కా మీద ఒలికింది.

లాడ్జి మేనేజరు జయనగరలో విదేశీ వంటసామాన్ల షాపొకటి ఉందని చెప్పాడు. సోమవారం దాకా ఆగవలసింది. కానీ ఆరువందల యాభై రూపాయల కత్తి తీసుకొని, మూడేళ్ళ తర్వాత తమ్ముడి గడప ఎలా ఎక్కాలన్న ఆలోచన రాత్రంతా తొలిచింది. నేను చేసిన దానికి అది చాలదనిపించింది.

షాపులో కత్తులను నగల మాదిరి అద్దాల బీరువాలో, దీపాల కింద పెట్టారు. కౌంటర్లో ఉన్న నిఖిత ఖమ్మం అమ్మాయి.

"హోమ్ యూజా అంకుల్, ప్రొఫెషనలా?"

"ప్రొఫెషనల్" అన్నాను.

ఆమె జపాన్ కత్తి ఒకటి తీసింది. అలుగు నిండా నీళ్ళమీది అలల్లాంటి గీతలు. టమాటాను అవతలి వెలుగు కనపడేంత పల్చగా కోసి చూపించింది. నన్నూ ప్రయత్నించమంది. రెండో కోతకే నా చూపుడువేలు తెగింది.

"అయ్యో, చూసుకోండి అంకుల్. జస్ట్ టచ్ అయినా కట్ అయిపోతుంది" అంటూ కౌంటర్ కింద నుంచి ప్లాస్టర్ తీసి వేసింది. అంటించాక అడిగింది. "మీ బ్రదర్‌కి ఎలాంటి గ్రిప్ అలవాటు అంకుల్? వీడియో కాల్ చేయండి, నేనే చూపిస్తా. ఆయనే సెలెక్ట్ చేసుకుంటారు."

రెండు రోజుల్లో ఇద్దరు అడిగారు. అక్కర్లేదమ్మా అన్నాను. పదకొండువేలకు ఆ కత్తి కొని, నల్లపెట్టెలో పెట్టించి, రంగుకాగితం చుట్టించాను. బయటికొస్తుంటే మనసు తేలికైంది. ఖర్చు పెట్టినకొద్దీ తప్పు తగ్గుతుందని నమ్మే రకాన్ని నేనని ఆ రోజు తెలుసుకోలేదు.

సోమవారం, బొమ్మసంద్ర

బొమ్మసంద్ర దాకా ఇప్పుడు మెట్రో ఉంది. హాయిగా వెళ్ళొచ్చనుకున్నాను. సంచి మిషన్లోంచి బయటికి రాగానే కాపలా ఉన్న ఆవిడ పక్కకు పిలిచింది. చాకు లోపలికి వదలరట. గిఫ్టమ్మా, తమ్ముడికి, కాగితం కూడా విప్పలేదు అన్నాను. ఆమె తెలుగువారి కోడలట. "తెలుస్తాది సార్, అయినా రూల్సు" అని బస్టాండు వైపు చెయ్యి చూపింది.

బొమ్మసంద్ర మీదుగా పోయే అత్తిబెలె బస్సెక్కాను. రెండు గంటలకు పైగా పట్టింది. పక్క సీట్లో ఉన్నావిడ ఏదో ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుందట. ఒళ్ళో పెట్టె చూసి ఏమిటని అడిగింది. చెప్పాను.

"అంత దూరం నుంచి కత్తి తెచ్చినారా తమ్మునికి? ఆయప్ప అదృష్టం చేసుకున్నాడు" అంది. ఆ మాటను దాచుకున్నాను, శేఖరుకు చెప్పాలని.

వాళ్ళిల్లు సర్కిల్ వెనక సందులో, మేడమీద రెండు గదులు. గిరిజ తలుపు తీసింది. "బావా, ఫోన్ గూడా చెయ్యకుండా... రాండి, రాండి" అంటూ మంచినీళ్ళు తెచ్చింది. అరగంటకు శేఖరు వచ్చాడు. పొద్దుటి టిఫిన్ల పని ముగించుకొని వస్తున్నాడు. జుట్టు సగం నెరిసింది.

"ఎప్పుడొచ్చినావన్నా? వదిన బాగుండాదా?" అంటూ పక్కన కూర్చున్నాడు, నిన్న కలిసి వెళ్ళినవాడిలా.

పెట్టె చేతికిచ్చాను. రంగుకాగితం ఎడంచేత్తో చింపాడు. అది చూశాను గానీ ఏమీ అనుకోలేదు. మూత తీసి కత్తి వైపు చాలాసేపు చూశాడు.

"శానా మంచి కత్తిన్నా. మేము హోటల్లో దీన్ని గురించి చెప్పుకునేవాళ్ళం."

కుడిచెయ్యి పిడి మీద పెట్టాడు. వేళ్ళు పిడి చుట్టూ మూసుకోలేదు. అలాగే కాసేపు ఉంచి, తీసేసి, నాకేసి నవ్వాడు. "ఉండు, పెరుగు తెస్తా" అని కిందికి వెళ్ళాడు.

గిరిజ గోడకానుకొని నిలబడి ఉంది. "బావా, ఆయన కత్తి పట్టి మూడేండ్లాయ" అంది మెల్లగా. "బొటనవేలికి, పక్కన రెండు వేళ్ళకు స్పర్శ లేదు. మణికట్టు కాడ నరం నలిగిపోయిందన్నారు. ఆపరేషన్ చేసినారు. నొప్పి పోయింది గానీ పట్టు రాలే. మనుషుల్ని చూసుకునేకి, రుచి చూసి చెప్పేకి ఆయన్ని పెట్టుకున్నారు క్యాంటీన్లో."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

ఆమె తలుపు వైపు చూసింది. తమ్ముడు ఇంకా రాలేదు.

"మాధవి పెండ్లికి ముందే డాక్టరు చెప్పినాడు బావా, లేట్ చెయ్యొద్దని. ఈయన వినలే. ఆపరేషన్ అయితే ఆర్నెల్లు కత్తి ముట్టకూడదంట. అన్న కూతురి పెండ్లికి ఒక్కసారి నా చేత్తో వండి, తర్వాత చేపించుకుంటా అన్నాడు. నాలుగు నెలలు మాత్రలు మింగి ఓర్చుకున్నాడు."

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. గిరిజ కళ్ళు తుడుచుకొని వంటింట్లోకి వెళ్ళింది. శేఖరు పెరుగు పాకెట్టుతో లోపలికొచ్చి నా మొహం, వంటింటి ఖాళీ గుమ్మం చూశాడు. చెప్పేసిందని తెలిసిపోయింది.

"డాక్టర్లు నూరు అంటార్లేన్నా. ముందే చేపిచ్చినా ఇంతే అయ్యుండచ్చు" అన్నాడు.

నిజంగా ఇంతే అయ్యుండేదో లేదో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. ఇక తెలిసే దారి లేదు.

క్యాంటీన్లో

"పాన్నా, నా క్యాంటీన్ చూద్దువు" అని లేచాడు. కత్తి పెట్టె తానే చంకలో పెట్టుకున్నాడు.

గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు వాణ్ణి చూసి లేచి నిలబడ్డారు. లోపల పెద్ద పెద్ద గుండిగలు, ఆవిరి. వాడు ఒక్కో గుండిగ దగ్గర ఆగి, ఎడం అరచేతిలో చుక్క వేయించుకొని నాకి, "పులుపు తక్కువ" "ఇంగ అయిదు నిమిషాలు" అంటూ పోతున్నాడు. ఎవరూ ఎదురు చెప్పడం లేదు. మా బళ్ళో హెడ్మాస్టరు మాటకు కూడా అంత గురి ఉండేది కాదు.

పెద్ద వంటావిడ జయమ్మ కోలారు మనిషి. శేఖరు పెట్టె తెరిచి కత్తి ఆమె చేతికిచ్చాడు. ఆమె చీరకొంగుకు చేతులు తుడుచుకొని తీసుకుంది.

"కోసి చూడు" అన్నాడు.

క్యాబేజీ ముందుకు లాక్కొని మొదలుపెట్టింది. దారాల్లా రాలుతోంది. "జయమ్మా, ఒత్తొద్దు. బరువు కత్తే చూసుకుంటాది. నువ్వు సుమ్నే ముందుకు తొయ్యి" అన్నాడు. ఆమె సరిచేసుకుంది. చప్పుడు మారింది, వేగం పెరిగింది. నేను కత్తిని చూడటం లేదు. శేఖరు కుడిచేతిని చూస్తున్నాను. ప్యాంటు మీద ఆనించిన ఆ చెయ్యి, ఆమె కోతకు తగ్గట్టు, కొంచెం కొంచెం ముందుకూ వెనక్కూ జరుగుతోంది. వాడికి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

"ఇది ఎవరిది మాస్టర్?" అంది జయమ్మ ఆపి.

"ఇంగమీద నీదే. మా అన్న తెచ్చినాడు" అన్నాడు.

మధ్యాహ్నం పనివాళ్ళతో పాటే బల్ల దగ్గర కూర్చొని తిన్నాను. రాగిముద్ద, ఉలవల చారు, క్యాబేజీ వేపుడు. ముద్ద మన సంగటే, అయితే వాళ్ళు నమలరు, చారులో ముంచి గుటుక్కున మింగుతారు. నేను నములుతుంటే ఎదుటివాడు నవ్వుకున్నాడు. ఒక సూపర్‌వైజరు వచ్చి ఎవరని శేఖరును అడిగాడు.

"మా అన్న. స్కూల్ మాస్టరు. నన్ను చదివియ్యాలని శానా కష్టపడినాడు, నాకే చదువు ఎక్కలే" అన్నాడు వాడు, నలుగురికీ వినపడేలా.

తిన్నాక బయట సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. నేనే మొదలుపెట్టాను.

"ఆ పొద్దు నేను తప్పు చేసినాన్రా, శేఖరా."

రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

"నువ్వు వద్దన్నందుకు కోపం రాలేదన్నా. మీ వియ్యంకుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మీ కింద ఎంతమంది పని చేస్తారు సార్ అనడిగినాడు. ఇరవైమంది అని చెప్పినా. నీ మాట పోకూడదని. అది చెప్పినాక కూడు గొంతు దిగలే." అన్నాడు వాడు. "ఆ పొద్దు సాంబార్లో ఉప్పెక్కువైంది. లేచి పోయి సరిచేద్దామా అనుకున్నా. మళ్ళా కూర్చున్నా."

నాకు ఆ సాంబారు గుర్తే లేదు. బాగుందనే అందరికీ చెప్పుకున్నాను. వాడి కుడిచెయ్యి తీసుకొని నా ఒళ్ళో పెట్టుకున్నాను. పెద్ద చెయ్యి. అరచేయి నిండా పాత కాయలు, మణికట్టు మీద సన్నటి తెల్లగీత. బొటనవేలు నొక్కాను.

"తెలుస్తా ఉందా?"

"లేదన్నా" అన్నాడు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

తిరిగి వచ్చాక

ఇంటికొచ్చిన మర్నాడు కర్నూలుకు ఫోన్ చేశాను. కుశలప్రశ్నలయ్యాక వియ్యంకుడితో, మా తమ్ముడి గురించి మీకొక అబద్ధం చెప్పానండీ అన్నాను. వాడు మేనేజరు కాదు, వంటమాస్టరు అన్నాను. రాసుకొని చదివినట్టు గబగబా చెప్పేశాను.

"మాకు తెలుసు మాస్టారూ" అన్నాడాయన. "అమ్మాయి నిశ్చితార్థం నాడే చెప్పింది, మా బాబాయి బెంగళూరులో పెద్ద వంటమాస్టరని. పెళ్ళికి ఆయన చేతి వంటే ఉంటుందేమోనని మావాళ్ళు ఆశపడ్డారు కూడా. మీరు మేనేజరని పరిచయం చేసేసరికి, మీకు ఇష్టం లేదు కాబోలని మేమూ ఊరుకున్నాం. ఆయనతో మాట కలుపుదామనే ఆ రోజు పక్కన కూర్చున్నాను. ఆయనేమో ముక్తసరిగా మాట్లాడారు."

ఇంకేవో మాట్లాడాడు. నేను ఊఁ కొట్టి ఫోన్ పెట్టేశాను.

వంటింట్లోంచి మా ఆవిడ, ఏమన్నాడని అడిగింది. ఏమీ అనలేదన్నాను. తర్వాత లేచి వెళ్ళి, వంటింటి గడప మీద కూర్చొని, ఉన్నదున్నట్టు చెప్పాను. పెళ్ళికి నాలుగు నెలల ముందు డాక్టరు చెప్పిన మాట దగ్గరనుంచి మొదలుపెట్టాను. ఆమె పొయ్యి ఆర్పేసి, వచ్చి నా పక్కన కూర్చుంది.